ముఖ్యం కాని మార్పు

రోస్వితా ఎంగెస్సర్‌ను మా కంపెనీలో ఎవరూ ఇష్టపడలేదు. నేనూ ఇష్టపడలేదు, దాచడం దేనికి? ఆవిడ చెడ్డది కాదు. మంచితనంతో ప్రాణాలు తోడేసే రకం. ఒక పెట్టె మీద లేబుల్ కాస్త వంకరగా అంటించానని మధ్యాహ్నమంతా నా చేత పెట్టెలన్నీ విప్పించి మళ్ళీ కట్టించిన మనిషి.

జర్మనీలోని మా టుట్లింగెన్ ఊళ్ళో రాయి విసిరితే ఆపరేషన్ కత్తెర్లు చేసే ఏదో ఒక కంపెనీ కిటికీ పగులుతుంది. మాది అందులో చిన్నది. నాది ప్యాకింగ్. రోస్వితాది నాణ్యత విభాగం. విభాగమంటే ఆవిడా, ఆవిడ బీరువాలూ, అంతే. కత్తెరను ఎలా కడగాలి, ఎవరు చూడాలి, ఎవరు సంతకం పెట్టాలి, అన్నీ ఆ బీరువాల్లో రాసి ఉండేవి. ఆ రాతల్లో ఏది మార్చాలన్నా ముందు బయటి తనిఖీ సంస్థకు తెలియజేయాలి. మాకు సర్టిఫికెట్ ఇచ్చేది వాళ్ళే. అది లేకపోతే ఒక్క కత్తెర కూడా గేటు దాటదు. మార్పు ముఖ్యమైనదైతే వాళ్ళు వచ్చి, చూసి, సరేననేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. ముఖ్యం కానిదైతే ఒక ఉత్తరం పడేస్తే చాలు. ఏది ముఖ్యమో ఏది కాదో తేల్చే పద్ధతిని కూడా రోస్వితాయే రాసింది.

పెళ్ళి లేదు, పిల్లలు లేరు. ఆవిడకున్నదల్లా ఆ కుర్చీ, ఏడాదికోసారి తనిఖీకి వచ్చే డోర్నర్ గారు. ఆయన వచ్చే రోజున నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుని, ప్లమ్ కేకు చేసుకుని వచ్చేది. "మీలా కాగితాలు పెట్టుకునేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరండీ, ఎంగెస్సర్ గారూ" అని ఆయన ఒకసారి అన్నాడు. ఆ ఒక్క మాటను ఏళ్ళ తరబడి నంజుకుంటూ బతికింది. మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం.

ముసలి యజమాని మంచానపడ్డాక అల్లుడు హెన్నింగ్ పెత్తనానికి వచ్చాడు. వచ్చీ రాగానే అతని కన్ను కత్తెర్లు కడిగే గది మీద పడింది. ఒకరోజు పొద్దున మేం రొట్టె తింటుండగా వచ్చి నిలబడ్డాడు.

"ఆ గది ఎత్తేస్తున్నాం. కడగడం బయటివాళ్ళకిచ్చేద్దాం, వచ్చే నెల నుంచే. ఎంగెస్సర్ గారూ, ముఖ్యం కాని మార్పని ఒక ఉత్తరం పడేయండి."

"అది ముఖ్యమైన మార్పండి. వాళ్ళొచ్చి చూడాలి."

"చూడ్డానికి ఆర్నెల్లు తింటారు. ఒక్క మాటేగా, రాసేయండి!"

"రాయను."

"ఎందుకంత మొండితనం?"

"ఆ కత్తెర రేపు మీ పొట్టలోకే వెళ్తుందనుకోండి. అప్పుడూ ఒక్క మాటేనా?"

అతను మా వైపు చూసి నవ్వాడు. మేమూ నవ్వాం. అన్నం పెట్టేవాడు నవ్వితే నవ్వక చస్తామా?

హెన్నింగ్ అరవలేదు, తిట్టలేదు. యానినా అని కొత్తగా ఒకమ్మాయిని తెచ్చాడు. పెద్ద చదువే చదివింది, ఏది ముందు పెట్టినా సంతకం పెడుతుంది. తర్వాత ముందస్తు పింఛను కాగితాలు రోస్వితా ముందుకు తోశాడు. ఒప్పుకోకపోతే నేలమాళిగలో పాత కాగితాలు దులిపే పని. ఆవిడ ఒప్పుకుంది. అయితే నాణ్యత చూసే మనిషి మారినా తనిఖీ సంస్థకు తెలియజేయాలి. ఆ ఉత్తరం రాయడం కంపెనీలో ఇంకెవరికీ రాదు.

"పోతూ పోతూ అదొక్కటీ మీరే రాసిపెట్టండి" అన్నాడు హెన్నింగ్.

రాసింది. తన స్థానంలో ఎవరు వస్తున్నారో, ఏం చదివారో అంతా రాసింది. తన పద్ధతి ప్రకారం, వచ్చే మనిషికి తగిన చదువుంటే అది ముఖ్యం కాని మార్పు. హెన్నింగ్ కోసం రాయనన్న మాటను తన గురించి తానే రాసుకుని, సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు నాతో అంది. "చూస్తుండు ఉర్సెల్, నా పేరు పోయిందని చూడగానే డోర్నర్ గారు ఊరుకోరు. ఫోన్ చేసి ఎందుకని అడుగుతారు. అప్పుడు కడిగే గది సంగతి చెప్తాను. ఇక ఈ హెన్నింగ్ ఆట కట్టు, నా కుర్చీ నాకొస్తుంది."

"ఆయన అడిగేదాకా ఎందుకే? నువ్వే చేసి చెప్పరాదూ?"

"అలా చెప్పకూడదు. పద్ధతి కాదు. వాళ్ళు అడగాలి, మనం చెప్పాలి."

నాకు ఒళ్ళు మండిపోయింది. నెత్తిన ఇల్లు కూలుతుంటే వాకిలి తట్టి బయటికెళ్తానంటుంది! కానీ ఇంటికెళ్ళాక జాలీ వేసింది.

మా దగ్గర కంపెనీ వదిలిపోయేవాళ్ళే అందరికీ విందు పెట్టాలి. మెడపట్టి గెంటినా సరే, పెట్టే పోవాలి. చివరి రోజున రోస్వితా బంగాళాదుంపల సలాడు, వేడి మాంసం రొట్టె, సీసాల కొద్దీ నురగలు కక్కే వైను తెచ్చింది. అంతా కుమ్మేశాం. ఉప్పు తక్కువైందని వెల్డింగ్ వాడొకడు వంక కూడా పెట్టాడు. హెన్నింగ్ పెట్రోలు బంకులో అమ్మే పూలగుత్తి ఒకటి చేతిలో పెట్టి, "మీరు లేని లోటు తీరనిది" అన్నాడు. ధర చీటీ ఇంకా దానికే ఉంది.

అప్పుడు గోడ మీద ఫోన్ మోగింది. రోస్వితా పళ్ళెం కింద పెట్టి పరుగెత్తింది. నేను ఫోను పక్కనే కూర్చున్నాను, అవతలి మాట స్పష్టంగా వినపడింది.

"నమస్కారం, డోర్నర్‌ని."

ఆవిడ మొహం వెలిగిపోయింది. నా వైపు చూసి తలూపింది.

"మీ ఉత్తరం చూశామండి. ముఖ్యం కాని మార్పే, మాకేం అభ్యంతరం లేదు. యానినా గారిని కాస్త పిలుస్తారా? ఈ ఏడాది తనిఖీకి తేదీ అనుకోవాలి."

చెప్పవే, చెప్పు అని మోచేత్తో పొడిచాను.

"హలో? ఎవరండీ మాట్లాడేది?" అన్నాడాయన.

చదవకుండా ఒక్క కాగితం మీద సంతకం పెట్టి ఎరగని మనిషి, అబద్ధమాడగా నేనెన్నడూ చూడని మనిషి, గొంతు సవరించుకుంది.

"ప్యాకింగ్ అండీ" అంది. "ఉండండి, ఆవిడ్ని పిలుస్తాను."

యానినా నోటి నిండా సలాడుతోనే వచ్చి ఫోనందుకుంది.