వేప మండలు కట్టుకున్న వ్యాను

ఎండాకాలం వచ్చిందంటే లోకమంతా నీడ పట్టున చేరుతుంది, మా ఆఫీసు మాత్రం మమ్మల్ని ఊళ్ళ మీదికి తోలుతుంది. పంటలు ఇంటికి చేరి రైతులు కాస్త తీరికగా దొరికేది అప్పుడే గనుక, సర్కారువారి సినిమా వ్యానులో ఊరూరా తిరిగి ఎరువుల బొమ్మలూ బావుల బొమ్మలూ చూపించడం నా నౌకరి. బొమ్మ ఆడించేది నేను, బండి నడిపేది రాజమల్లు. పగలు ప్రయాణం, చీకటి పడ్డాక ఆట, ఆట అయ్యాక అదే వ్యానులో పడక. పోయిన వేసవిలో కరీంనగర్ నుంచి జగిత్యాల, ధర్మపురి మీదుగా గోదావరి దాటి, లక్షెట్టిపేట, మంచిర్యాల, మందమర్రి చూసుకుని ఆసిఫాబాద్ అడవుల దాకా వెళ్ళి, మళ్ళీ అదే దారిన వచ్చాం. బండిలోనే పడుకుంటూ ఆ వైపు తిరగాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగేది దారి గురించి తక్కువ, దోమల గురించి ఎక్కువ.

ఈ తిరుగుడుకు ఇంకో పని కూడా తగిలింది. తిరిగి వచ్చేటప్పుడు ధర్మపురి పక్క పల్లెలో రాజమల్లుకు పిల్లను చూడాలి. వయసు ముప్పైకి దగ్గర పడింది. ఇల్లు పట్టని నౌకరి అని ఇదివరకే రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఈ మూడోదాన్ని అతని మేనమామ కాళ్ళరిగేలా తిరిగి మాట్లాడి పెట్టాడు. బయలుదేరిననాడు ఆయన వ్యాను కిటికీ పట్టుకుని, “అల్లుడా, గీడ గూడ తప్పితే ఇగ నాతోని కాదు. ముఖం జర మంచిగ పెట్టుకోని రా. నేను ముందే బస్సుల పోయి ఆడ ఉంట” అని మరీ మరీ చెప్పాడు. అప్పటి నుంచి రాజమల్లుకు దారి మీద కన్నా ముఖం మీదే ధ్యాస. అద్దంలో వెనక వచ్చే లారీని చూడమంటే తన మీసం చూసుకునేవాడు.

అందుకే దోమలతో యుద్ధానికి ఈసారి గట్టిగానే దిగాం. కరీంనగర్ బజారులో దోమతెర గుడ్డ కొని, కిటికీల కొలతకు కుట్టించి, అంచులకు నాడాలు పెట్టించాం. నల్లుల కోసం సీట్ల కుట్లలో కిరసనాయిలు పోశాం. రెండు రోజుల పాటు అన్నం తిన్నా కిరసనాయిలు వాసనే. లక్షెట్టిపేటలో రాత్రి హాయిగా గడిచింది. మందమర్రిలో సాయంత్రం ఇంటింటి బొగ్గు పొయ్యి పొగకు దోమ అన్నది లేదు, కాకపోతే మా కళ్ళూ లేవు. ఆసిఫాబాద్ దాటాక పగటిపూట జోరీగలు పట్టుకున్నాయి. అవి పశువుకూ మనిషికీ తేడా చూడవు. ఆకులు ఊగుతుంటే లోపలికి రావని ఒక పశువుల కాపరి చెబితే, కిటికీలకూ ముందు అద్దం పక్కనా వేప మండలు కట్టాం. నిజంగానే కాస్త తగ్గాయి.

అసలు దెబ్బ ఆఖరి మజిలీలో తగిలింది. అడవి అంచున ఉన్న ఊరది. బొమ్మ ఆడించే యంత్రం వ్యాను వెనక తలుపు దగ్గరే ఉంటుంది, ఆట నడిచినంతసేపూ ఆ తలుపు బార్లా తెరిచి ఉండాలి. దీపం వెలుగుకు అడవిలో ఉన్న పురుగంతా మా వ్యానులోకి చేరింది. వారాల తరబడి తిరిగి ఇద్దరం నిలబడి నిద్రపోయే స్థితిలో ఉన్నాం. ఆట కాగానే రాజమల్లు తెరలన్నీ దించి, ఒక్క సందు లేకుండా నాడాలు బిగించి కట్టుకుని లోపల పడుకున్నాడు. నేను ఆ ఊరి పటేలు పశువుల కొట్టం దగ్గర పొగ పక్కన మంచం వేసుకున్నాను. దొంగల్ని లోపల ఉంచి తలుపు గడియ పెట్టుకున్నామని ఇద్దరికీ తట్టలేదు. తెల్లవారి తెర విప్పి బయటికి వచ్చిన మనిషిని నేను గుర్తుపట్టలేదు. నుదురు, చెంపలు, కనురెప్పలు, ఎక్కడ చూసినా ఎర్రటి దద్దుర్లు. ఎంత అలసిపోతే మనిషికి అంత కుట్టినా మెలకువ రాదో!

“సార్, ముఖమంత మంటగ ఉన్నది. జర చూడుండ్రి, బాగ కనవడ్తున్నదా?” అన్నాడు.

“ఏం కనపడటం లేదు” అని అబద్ధం చెప్పాను. అతను నమ్మలేదు, అద్దం ఉండనే ఉంది.

పొద్దు పొడవకముందే బయలుదేరి, ఎండ ఎక్కే వేళకు మందమర్రి చేరి, చాయ్ కోసం ఆగాం. హోటల్ ముసలమ్మ రాజమల్లును చూసి గ్లాసు కింద పెట్టేసింది.

“అయ్యో కొడుకా, గిదేంది? తేనెటీగల్ల పడ్డవా?”

“దోమలే అవ్వా.”

“దోమలు గిట్ల కుడ్తయా! ఉండు, జర వేపాకు, పసుపు నూరి పెడ్త. పొద్దుగూకె వరకు గుంజుకుంటది.”

“గంత టైం లేదవ్వా. పిల్లను చూడవోతున్న.”

“గట్లనా! ఐతే ఇంత ఎక్కువనె పెడ్త.”

అన్నట్టే ముఖమంతా పట్టించింది. పైసలిస్తే చాయ్‌కి మాత్రమే తీసుకుంది. అలా పసుపు ముఖంతో రాజమల్లు, వేప మండలతో వ్యాను, పక్క సీట్లో కునికిపాట్లతో నేను, మధ్యాహ్నం మూడింటికి ధర్మపురి దాటి పిల్లవాళ్ళ ఊరు చేరాం.

ఊరి మొదట్లో నీళ్ళు మోసుకుపోతున్న ఒకావిడ మమ్మల్ని చూసి బిందె దించింది. వ్యానుకు రెండు చేతులూ ఎత్తి మొక్కి, “తల్లీ, సల్లగ చూడు” అంది. అప్పుడు గాని నా నిద్రమత్తు వదలలేదు. వేప మండలు, పసుపు, ముఖం నిండా బొబ్బలు. అమ్మవారు పోసిన మనిషిని మేం ఊళ్ళోకి తెచ్చామని అనుకుంటున్నారు! పిల్లవాళ్ళ ఇంటి దగ్గర బండి ఆగేసరికి, వాకిట్లో ఎదురుచూస్తున్న మేనమామ రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయాడు. పిల్ల తండ్రి గంగయ్య దూరం నుంచే చేతులు అడ్డం పెట్టాడు.

“ఆడనే ఉండుండ్రి, దిగకుండ్రి! ఊళ్ళె పసిపోరగాండ్లున్నరు. మీకు దండం పెడ్త, మర్లిపోండ్రి.”

“అవి దోమకాట్లండీ!” అని గొంతు చించుకున్నాను.

“దోమలైతే గా పసుపెందుకు? గా మండలెందుకు?” అన్నాడు. నా దగ్గర జవాబు ఉంది గాని వినేవాళ్ళు లేరు.

రాజమల్లు స్టీరింగు మీద చేతులు వేసుకుని కూర్చున్నాడు. “పోదాం సార్. మూడోది గూడ అయిపాయె” అన్నాడు. పోదామన్నా బండి పోయేలా లేదు, ఇంజను పొగలు కక్కుతోంది. నీళ్ళు కావాలని అడిగాను. ఒక్కరూ కదల్లేదు. వాళ్ళను తప్పు పట్టను, వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ కదలను.

అప్పుడు గంగయ్య ఇంట్లోంచి ఒక అమ్మాయి బిందె, చెంబు పట్టుకుని బయటికి వచ్చింది.

“నర్సవ్వా, ఆగు!” అన్నాడు గంగయ్య.

“నాకేం భయం బాపూ? నాకు చిన్నప్పుడే పోసింది గదా. ఒక్కపారి పోసినోళ్ళకు మల్ల రాదు.”

ఆ మాటతో గంగయ్య తల దించుకున్నాడు. మేనమామ తల ఎత్తి అతని వైపు చూశాడు. ఈ సంగతి మాట్లాడుకున్నప్పుడు ఎవరూ చెప్పలేదని నాకు అర్థమైంది. చూడవచ్చిన పిల్ల ఈమేనని కూడా అర్థమైంది.

ఆమె ఎర్రటి ఎండలో నేరుగా వ్యాను దగ్గరికి వచ్చి చెంబు చాచింది. “తాగుండ్రి. జరం ఎప్పటి సంది ఉన్నది?”

“జరం లేదు” అంటూ రాజమల్లు కిందికి దిగాడు. కొన్ని నీళ్ళు తాగి, మిగతావి ముఖాన కొట్టుకుని పసుపు కడుక్కున్నాడు. “గివి దోమలు కుట్టినయి.”

ఆమె వంగి దగ్గరగా, నిదానంగా చూసింది. చూసి నవ్వేసింది. “దోమలే బాపూ!” అని ఊరంతా వినబడేలా కేక వేసింది. ఆ వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు కొంగు ముఖం మీదికి లాక్కుంది. మళ్ళీ వదిలేసింది. చెంపల మీద, నుదుటి మీద గుంటలు గుంటలుగా మచ్చలు.

“మీయి రేపటికి పోతయి. నాయి పోయెటియి గావు. మీకు చెప్పలేదు కావచ్చు. మంచిగ చూసుకోండ్రి” అంది.

రాజమల్లు చెంబు ఆమె చేతికి తిరిగి ఇచ్చాడు. తర్వాత ఆమె వైపు చూస్తూనే గట్టిగా అన్నాడు. “మామా, ఆడనే నిలవడ్డవేంది? చూసిన. వచ్చి మాట ఖాయం చేసుకో.”

వాన చినుకు పడకముందే పెళ్ళయింది. ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళకు నా సలహా ఒక్కటే. దీపం వెలిగించకముందే బండి తలుపులు మూయండి. మూయడం కుదరకపోతే, దీపాన్ని బయట దూరంగా పెట్టి, లోపల వేపాకు పొగ వేసి, పురుగంతా పోయాకే తెర కట్టుకోండి. ఎండాకాలపు తిరుగుడు నన్ను ప్రతి ఏడూ పిప్పి చేసి వదులుతుంది, పోయిన ఏడూ ఒళ్ళంతా పుండుగానే ఇల్లు చేరాను. అయినా విసుగు పుట్టినప్పుడు ఆ మధ్యాహ్నం తలచుకుంటాను. పెళ్ళిలో అందరూ దోమల కథ చెప్పుకుని పడి పడి నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. దోమలని తేలింది తర్వాత గదా. ఆమె బిందె ఎత్తుకుని వచ్చేటప్పటికి, తన మచ్చల సంగతి అందరి ముందూ చెప్పుకుని వచ్చేటప్పటికి, వ్యానులో ఉన్నది అమ్మవారు పోసిన మనిషనే ఆమె అనుకుంది.