సంతలో పరీక్ష పెట్టిన పంతులమ్మ

మా పంతులమ్మ పోయిందని ఆమె తమ్ముడు వైరా నుంచి పొద్దుటి బస్సుకు వచ్చి చెప్పాడు. ఖమ్మం దవాఖానాలో కన్నుమూసిందట. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందు గుర్తొచ్చింది ఆమె ముఖం కాదు, ఆమెను మా ఊరి నుంచి వెళ్లగొట్టిన స్కూళ్ల ఇన్‌స్పెక్టరు ముఖం. పోయినవాళ్లను తలుచుకుంటూ ఇలా మొదలుపెట్టొచ్చా అంటే, నాకు వేరేలా రాదు.

భద్రాచలం అడవి అంచున ఉన్న మా బడికి ఆమె వచ్చేనాటికి నాకు తెలుగు సగమే అర్థమయ్యేది. ఇంట్లో మాది కోయ మాట. వైరా పొలాల మధ్య పెరిగిన ఆమెకు అది అసలు రాదు. మా నోట్లోంచి ఒక్కో మాటా పట్టుకుని నేర్చుకుంది. నేర్చుకున్నాక కాగితం పరీక్షలు మానేసింది. పాఠం విన్న పిల్ల ఇంటికి పోయి, అమ్మకు తన మాటలో చెప్పాలి. చింతపండు, విస్తళ్లు కుట్టే అడ్డాకులు అమ్ముకోవడానికి అమ్మలు సంతకొచ్చినప్పుడు పంతులమ్మ వాళ్ల పక్కనే గోనెసంచి మీద కూర్చుని, మీ పిల్ల ఏం చెప్పిందని అడిగేది. అమ్మ చెప్పగలిగితే పిల్ల పాసు. బేరం వస్తే ఆగేది, ఆకులు కట్టలు కట్టడంలో సాయం కూడా పట్టేది.

నాకు చలిజ్వరం పాఠం వచ్చింది. దోమ కుడితే జ్వరమొస్తుందని అమ్మకు చెప్పాను. దోమ దోమ అంటది గానీ అది యాడ పుడుతదో చెప్పలేదని అమ్మ సంతలో నా పరువు తీసింది. నేను ఏడుపు అందుకున్నాను. పంతులమ్మ కొంగుతో నా ముక్కు తుడిచి, "తప్పినవని ఎవరన్నరే? పాఠం ఇంకా ఇంటికి చేరలే, గంతే. మళ్ల సంతకు చెప్పు" అంది. ఇంటి వెనక కుండపెంకులో నిలిచిన నీళ్లు, అందులో కదిలే పురుగులు అమ్మకు చూపించాను. అమ్మ ఆ పెంకును బోర్లించింది. మరుసటి సంతలో నేను పాసు.

మా అన్నకు రాత నత్తనడక. నోటితో చెబితే మాత్రం అమ్మ రోకలి ఆపి వినేది. వాడు ఎప్పుడూ తప్పలేదు.

ఒక సంత రోజు ఇన్‌స్పెక్టరు జీపులో వచ్చాడు. పంతులమ్మ బడిలో లేదు, సంతలో ఉంది. ఆమె చెప్పింది ఆయన చెవిన పెట్టలేదు. డ్యూటీ వదిలేసి సంతలో తిరుగుతోందని రాసి, తల్లాడ అవతలికి బదిలీ చేయించాడు. తరువాత వచ్చిన సారు కాగితం పరీక్ష పెడితే మా అన్న ఫెయిలయ్యాడు. మళ్లీ బడి గడప తొక్కలేదు. ఇప్పటికీ వెదురు కొట్టే పనికే పోతాడు.

నేను టీచరునయ్యానంటే ఆమె చలవే. ఆమెను చూడ్డానికి పోయినప్పుడల్లా ఆ బదిలీ సంగతి ఎత్తితే, "పోనియ్ బిడ్డా, ఆయనకు మన పాఠం చేరలే" అనేది. ఆమె క్షమించింది. నాకంత పెద్ద మనసు లేదు. అదే బడిలో పాఠాలు చెబుతున్నా నా కడుపుమంట చల్లారలేదు.

అందుకే సంతాప సభ మా బడిలో, సంత రోజునే పెట్టించాను. రిటైరై భద్రాచలంలో ఉంటున్న ఇన్‌స్పెక్టరును పిలిచిందీ నేనే. చచ్చినోళ్ల కండ్లు చారెడంటారు కదా. ఆమె కొత్త మూల్యాంకన విధానాన్ని ఆనాడే గుర్తించి ప్రోత్సహించింది తానేనని ఆయన మైకులో పుస్తకాల తెలుగులో చాలాసేపు చెప్పాడు. ముందు వరుసలో మా అమ్మ, ఆమె ఈడు ఆడవాళ్లు, ఒడి పక్కన గంపలు. వెనక గోడకానుకుని మా అన్న.

నేను లేచాను. "సార్, ఈ బడిల ఒక పద్ధతున్నది. చెప్పింది అమ్మలకు చేరిందో లేదో అడుగుతం. పంతులమ్మ ఈడ ఏం చేసింది, ఈ ఊరిడిసి ఎందుకు పోయింది, మా అమ్మకు అర్థమయ్యేటట్టు చెప్పుండ్రి."

ఆయన మళ్లీ పుస్తకాల తెలుగులోనే అందుకున్నాడు. నిబంధనలన్నాడు, పరిస్థితులన్నాడు. ఒక్కో ముక్కా మా మాటలోకి మార్చి అమ్మకు చెప్పాను. అమ్మ ఆసాంతం విని, గంప అందుకుంటూ లేచి ఒక మాట అంది. దాన్ని నేను గొంతెత్తి తెలుగులో అందరికీ వినిపించాను.

"ఈయన పాఠం చేరలే. మళ్ల సంతకు రమ్మను."

పంతులమ్మ ఉంటే నన్ను కోప్పడేదే. పడనీ, నా కడుపు చల్లబడింది. ఆడవాళ్లంతా గంపలు నెత్తికెత్తుకుని సంతకు పోయారు. దండ వేసిన ఆమె ఫొటో పక్కన ఇన్‌స్పెక్టరు మైకు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.