పన్నెండు ఎక్కువా, నాలుగు ఎక్కువా

గౌలిపురలో పాలమ్ముకునే మొగులయ్యకు రెండు బర్రెలుండేవి. తొంభై తొమ్మిది వానాకాలంలో ఒకటి గొంతువాపు వచ్చి చచ్చింది. మిగిలినదాని పాలు సగం ఇళ్ళకే సరిపోయేవి. తక్కిన సగం పాకెట్ పాలకు అలవాటు పడకముందే, అంటే దసరాలోపు, ఇంకో బర్రె రావాలి. ధరలో సగం చేతిలో ఉంది.

మిగతా సగం వడ్డీ వ్యాపారి వైకుంఠం ఇస్తానన్నాడు. నాలుగు రూపాయల వడ్డీ, కుదువకు బుచ్చమ్మ కాళ్ళ కడియాలు. బుచ్చమ్మ మొగులయ్య భార్య. ఆమె కొన్నేళ్ళుగా బస్తీ పొదుపు సంఘంలో నెలనెలా డబ్బు దాస్తోంది. ముందు అక్కడ అడిగి రమ్మని అతన్ని పంపింది.

సంఘంలో లెక్కలు రాసే తనూజ, వడ్డీ పన్నెండు శాతమని చెప్పింది. మొగులయ్య కూర్చున్నవాడు లేచాడు.

"వైకుంఠం సేటు నాలుగే తీస్కుంటడు. మీరు పన్నెండా? గిదేం సంఘం?"

అది సంవత్సరానికి అంది తనూజ. మొగులయ్యకు ఎక్కలేదు. వడ్డీ అంటే నెలకు వచ్చేది. ఏడాదికి వచ్చేది తద్దినం.

"మీ లెక్కల జెప్పాలంటె రూపాయి వడ్డీ, బాపు," అంది తనూజ.

దాంతో పని పూర్తిగా చెడింది. అప్పటిదాకా వీళ్ళు ఆశపోతులు అనుకున్నాడు. ఇప్పుడు మోసగాళ్ళని తేలింది. సొంత బావమరిదే అతని దగ్గర రెండు రూపాయల వడ్డీ తీసుకున్నాడు. ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళు రూపాయికి ఇస్తారా? లోపల ఏదో ఉంది.

ఇంటికొచ్చి కడియాలు తియ్యమన్నాడు. బుచ్చమ్మ గంజు తోముతూ తల ఎత్తలేదు.

"కడియాలు నావి. సంఘంల పైసలు గూడ నావే. అప్పు నా పేరు మీద తెస్త. నువ్వు పొయ్యి బర్రెను జూడు."

"మరి బర్రె ఎవరిదైతది?"

"పేడ ఎత్తేటోళ్ళది."

ఇద్దరు సభ్యురాళ్ళు జామీను ఉన్నారు. దసరాకు ముందే బర్రె వచ్చింది. సంతోష్‌నగర్‌లో రెండిళ్ళు తప్ప అందరూ మళ్ళీ అతని పాలే పోయించుకున్నారు.

వాయిదా కట్టడానికి బుచ్చమ్మతో పాటు మొగులయ్యా వెళ్ళేవాడు. ఇంకేమైనా కట్టాలా అని తనూజను ప్రతి నెలా అడిగేవాడు. ఏమీ లేదనేది. లేదన్నప్పుడల్లా అతని అనుమానం ఇంకొంచెం బలపడేది.