కొట్టేసిన ఒక్క 'ట'

ఆ కార్పొరేటర్ పేరు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అతని పరువు గురించి నేనే రాయాల్సి వచ్చినందుకు ఇంకా మండుతోంది.

సికింద్రాబాద్ వార్తలు వేసే ఒక చిన్న పత్రికలో నేను విలేకరిని. రాంగోపాల్‌పేట్‌లో ఒక కమ్యూనిటీ హాలు ఉంది. బడి నుంచి రిటైరైన ఒక తెలుగు టీచరమ్మ అందులో ఆడవాళ్ళకు ఊరికే కుట్టుపని నేర్పేది. ఒకరోజు కార్పొరేటర్ మనుషులు వచ్చి ఆడవాళ్ళను గెంటి, మిషన్లు వానలో పడేసి తాళం వేశారు. టీచరమ్మ అక్కడే ఉంది. ఎవరేమన్నారో పొల్లుపోకుండా నాకు చెప్పింది. నేనూ వెళ్ళి తాళం చూశాను, వానకు తడిసిన మిషన్లు చూశాను. టీచరమ్మ పేరు పెట్టే అదంతా రాశాను. అంతటితో ఊరుకోవాల్సింది.

హాలు వెనక ఖాళీ జాగా ఉంది. దాన్ని కార్పొరేటర్ తన బావమరిది పేర రాయించాడని పక్క టీకొట్టులో అనుకుంటుంటే విన్నాను. 'రాయించారట' అనే రాశాను. పంపేముందు మళ్ళీ చదివితే ఆ 'ట' పిరికిగా, అమ్మలక్కల కబురులా అనిపించింది. కొట్టేశాను. 'రాయించారు' అయింది. కాగితాలు చూడలేదు, రిజిస్ట్రేషన్ ఆఫీసు గడప తొక్కలేదు. అతని మీద కోపం ఉంది కదా, అది చాలనుకున్నాను.

వారం తిరక్కుండా లాయరు నోటీసు వచ్చింది. దాని వెనకే కార్పొరేటరూ మా ఆఫీసుకు వచ్చాడు.

"ఏందమ్మా, పేపర్ ఉన్నదని ఏది పడితే అది రాస్తరా? జాగా మా బామ్మర్దిదని ఎవడు చెప్పిండు? కాగితం ఉన్నదా నీ దగ్గర?"

"హాలుకు తాళం ఎందుకు వేయించారు?" అన్నాను.

"గా ముచ్చట తర్వాత. ముందు నా ఇజ్జత్ సంగతి చెప్పు."

బల్ల మీద కాగితాలు పరిచాడు. జాగా ప్రభుత్వానిదే. బావమరిది పేరు ఎక్కడా లేదు. ఆడవాళ్ళను వానలోకి గెంటించిన మనిషి ఆ ఒక్క మాటలో మాత్రం నిర్దోషి. ఆ సంగతి నాకు మింగుడు పడలేదు. పత్రికా స్వేచ్ఛ అని మీటింగుల్లో గొంతు చించుకున్నదాన్ని, ముందే చూడాల్సిన కాగితాలు ఇప్పుడు అతని ముందు కూర్చుని చదివాను.

ఆ ఒక్క వాక్యం తప్పని వేద్దామన్నాను. అతను ఒప్పుకోలేదు. వార్త మొత్తం అబద్ధమని వేయాలి, కింద నా సంతకం ఉండాలి, లేదంటే కోర్టు. మా ఎడిటర్ నా మొహం చూడకుండా, "కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక మనకెక్కడిదమ్మా, పెట్టెయ్" అన్నాడు. లేకపోతే ఉద్యోగం పోతుందని అనలేదు, అనక్కర్లేదు కూడా. పెట్టేశాను. తలుచుకుంటే నామీద నాకే అసహ్యం.

'సదరు వార్త పూర్తిగా అవాస్తవం' అని మొదటి పేజీలో వచ్చింది. అతని మనుషులు దాన్ని జిరాక్సు తీయించి హాలు తలుపుకు అంటించారు.

టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. ఎప్పుడూ కూర్చోబెట్టి చాయ్ ఇచ్చే మనిషి గుమ్మంలోనే నిలబెట్టింది.

"నేను కండ్లార చూసి చెప్పిన కద బిడ్డా. అది సుత అబద్ధమేనా?"

నేను చేసిన తప్పు వేరే అన్నాను. 'ట' సంగతి చెప్పాను. జీవితమంతా పిల్లలకు తెలుగు చెప్పిన మనిషి, ఇట్టే అర్థమైపోయింది.

"గా ఒక్క మాటకు మాఫీ అడిగితే మంచిగనే ఉంటుండె. అడగాలె సుత. మరి నన్నెందుకు దాంట్ల కలిపినవ్? ముసల్ది పేపరోళ్ళకు అబద్ధాలు చెప్పిందని చర్చిల నన్ను చూసి నవ్వుతున్రు. ఆయన పేరు కాపాడనీకి వకీల్ ఉన్నడు. నా పేరుకు నువ్వున్నవనుకున్న."