మర్నాడు మళ్లీ తలుపు తట్టిన సుంకం ఇనస్పెక్టరు

సుందరరామయ్య గారు ఇక లేరు. గడిచిన మంగళవారం పొద్దున ఆయన కూతురు పద్మ ఫోన్ చేసి, "నాన్నగారు నిద్రలోనే వెళ్లిపోయారక్కా" అని చెప్పినప్పుడు నేను ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. మ్యూట్‌లో ఉన్నాననుకుని భోరుమన్నాను. మ్యూట్‌లో లేనట, అందరూ విన్నారు. ఎనభై ఏడేళ్ల మనిషి, కొన్ని నెలలుగా మంచం దిగని మనిషి. అయినా ఆ వార్త విని నిర్ఘాంతపోయాను. ఈ జూలైకి కూడా ఆయన వస్తారనే ఎందుకో గట్టిగా నమ్మాను.

అమెరికాలో మా క్యారీ ఊళ్లో చాలామందికి ఆయన జూలై ఎండలో పొడుగు కోటు తొడుక్కుని పిల్లల చేత దూది దెబ్బలు తినే తాతగారు. అంతకుముందు ముప్పై మూడేళ్లు సెంట్రల్ ఎక్సైజు శాఖలో పొగాకు మీద సుంకం వసూలు చేసిన అధికారి. సత్యనిష్ఠకు ప్రతిరూపం, కర్తవ్యదీక్షకు పర్యాయపదం అని రాయాలనే ఉంది. కానీ ఎవరినైనా అలా పొగిడితే ఆయన వెంటనే "ఆధారమేదమ్మాయ్?" అనేవారు. కనుక ఆధారాలే చూపిస్తాను.

మా ఊరి పక్కన పాతకాలపు పొలమొకటి మ్యూజియంగా ఉంది. శనివారాలు నేనక్కడ వాలంటీరుని. ఒకరోజు పద్మ తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన తిన్నగా పచ్చి పొగాకును వేడికి పండబెట్టే పాత బ్యారన్ కొట్టం దగ్గరికి నడిచి, తలుపులోంచి తల లోపలికి పెట్టి, గట్టిగా వాసన పీల్చారు.

"ఇది మా ఒంగోలు బ్యారనే కదమ్మాయ్! ఇంత దూరం విమానంలో వచ్చి మళ్లీ దీని ముందే నిలబడ్డానా!"

ఆ సంబరం చూసి నేను, ఏటా జూలైలో ఆ పొలంలో మేం వేసే నాటకం సంగతి చెప్పాను. అమెరికా గణతంత్రం పురిటి వాసన వదలని రోజుల్లో, ఇళ్లలో కాచుకునే విస్కీ మీద ప్రభుత్వం సుంకం వేసింది. రాజుగారి పన్నుల మీద తిరగబడి స్వతంత్రం తెచ్చుకున్న జనానికి ఇది పుండు మీద కారంలా తోచింది. వసూలుకు వచ్చినవాళ్లకి కొన్నిచోట్ల తారు పూసి ఈకలు అంటించారు. మా నాటకంలో వసూలు అధికారి ఒక రైతు ఇంటికి వస్తాడు, ఊరంతా కలిసి తరిమేస్తుంది, ఈకలకు బదులు పిల్లలు దూది విసురుతారు. ఆ వేషం వేయడానికి ఎవరూ ముందుకు రారు. ఆ ఏడు ఒప్పుకున్నతను కూడా మానేశాడు.

"నేను వేస్తాను. నాకు రిహార్సల్ కూడా అక్కర్లేదు" అన్నారు సుందరరామయ్య గారు.

అక్కర్లేదన్న మనిషి రిహార్సల్‌లో మమ్మల్ని మూడు గంటలు నిలబెట్టారు. స్క్రిప్టులో అధికారి తలుపు కాలితో తంతాడని ఉంది. "తన్నేవాడు బందిపోటు. ఇనస్పెక్టరు వేలి కణుపులతో మూడుసార్లు తట్టాలి, పేరు చెప్పాలి, ఆర్డరు చూపించాలి" అన్నారు. చివర్లో పరుగెత్తాలన్నాను. "పరుగెత్తను, నడుస్తాను. గవర్నమెంటువాడు పరుగెడితే చూసేవాళ్లు హడలిపోతారు." అలా డెబ్బై ఏడేళ్ల వయసులో, దూది వానలో తడుస్తూ, తలెత్తుకుని నడిచి వెళ్లారు. జనం ఈలలు వేశారు.

నాటకం అయ్యాక ఆయన బ్యారన్ వెనక కోటు మీది దూది ఏరుకుంటూ కనిపించారు.

"తర్వాత ఏమవుతుందమ్మాయ్?"

"తర్వాతేముంది అంకుల్, అయిపోయింది. సమోసాలున్నాయి, రండి."

"అయిపోతే ఎట్లా? మర్నాడు పొద్దున వాడు మళ్లీ వెళ్లాలి కదా. తరిమారని తిరిగిరాకపోతే, అది దేశం ఎట్లా అవుతుంది?"

ఆయన మమ్మల్ని అడిగింది ఆ ఒక్కటే. చివర్లో అధికారి తిరిగివచ్చి తలుపు తట్టాలి. రైతు తీస్తాడా తీయడా అన్నది మా ఇష్టం. నవ్వి ఊరుకున్నాం. ఆయన ఊరుకోలేదు. ప్రతి ఏడూ "ఐ బెగ్ టు సబ్మిట్" అని మొదలయ్యే అర్జీ ఒకటి తెల్లకాగితం మీద రాసి పొలం కమిటీకి ఇచ్చేవారు. కమిటీ కాదనేది. వేదిక మీద తనంతట తాను చేసేస్తే ఆపేవాళ్లెవరు? అదే మాట ఆయనతో అన్నాను. "ఆర్డరు లేకుండానా!" అని నన్ను దొంగని చూసినట్టు చూశారు. ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. కమిటీలో నేనూ ఉన్నాను. నాటకం పొడుగైతే జనం తిండి దగ్గరికి లేచిపోతారని నేనూ రెండుసార్లు వద్దనే చెయ్యెత్తాను. ఆ చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయనకది ఎందుకంత ముఖ్యమో ఐదో ఏడు తెలిసింది. ఆ జూలైలో ఎండ నిప్పులు చెరిగింది. రైతు వేషం వేసే వాల్టర్, ఏసీలు బాగుచేసి రిటైరైన పెద్దమనిషి, సుందరరామయ్య గారి మొహం చూసి భయపడి, నాటకం మధ్యలోనే గ్లాసుడు నిమ్మరసం అందించాడు. ఈయన చేత్తో పక్కకి నెట్టారు. జనం అదీ నాటకమే అనుకుని నవ్వారు. రెండు నిమిషాలకి కళ్లు తిరిగి పడిపోయారు. లోపలికి మోసుకెళ్లి పడుకోబెడితే, కళ్లు తెరిచి అన్న మొదటి మాట "నా సంచిలో నా నీళ్లున్నాయి, అవి ఇవ్వండి" అని.

తేరుకున్నాక చెప్పారు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు. మన గణతంత్రమూ అప్పుడు పసిదే. తెల్లవాడు పోయాడు కనుక పన్నూ పోయిందనుకున్న ఊళ్లున్నాయి. ఒంగోలు వైపు ఒక పల్లెలో సుంకం ఇనస్పెక్టరుకి ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు. బడి వరండాలో కాపురం. ఒకనాడు మధ్యాహ్నం ఒక రైతు ఇంట్లో పొగాకు తూయించి, దాహం ఆగక, ముసలావిడ ఇచ్చిన మజ్జిగ తాగారు. తూకంలో వీసమెత్తు తేడా లేదు. అయినా సాయంత్రానికల్లా ఇనస్పెక్టరు ఆ ఇంటికి అమ్ముడుపోయాడని ఊరంతా పాకింది. మిగతా రైతులు ఆకు చూపించేది లేదని తలుపులు వేసుకున్నారు.

"ఏం చేశారు అంకుల్?"

"మా సూపరింటెండెంటు దగ్గరికి పోయి, నేను మజ్జిగ తాగాను, వేరేవాళ్ల చేత మళ్లీ తూయించండి అని రాసిచ్చాను. ఆయన చీవాట్లు పెట్టి, తూకానికి ఇంకొకరిని పంపాడు. అదే లెక్క వచ్చింది. మర్నాడు పొద్దున నేనే పోయి మళ్లీ ఇంటింటి తలుపూ తట్టాను. మొదటి రోజు ఎవరూ తీయలా. మూడో రోజు ఒకాయన తీశాడు."

ఆనాటినుంచి సుంకం కట్టేవాళ్ల ఇంట మంచినీళ్లు కూడా ముట్టలేదట. నేను ఇంగ్లిష్‌లో చెబుతుంటే వాల్టర్ అంతా విన్నాడు. తర్వాతి కమిటీ మీటింగ్‌కి టోపీ చేత్తో పట్టుకుని వచ్చి, "ఆయన తిరిగి రాకపోతే నేనూ ఈ వేషం వేయను" అన్నాడు. అనుమతి కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాం. ఆయన దాన్ని మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు.

మరుసటి జూలైలో తరిమివేత అయ్యాక చప్పట్లు కొట్టి జనం లేవబోతున్నారు. దూది అంటిన కోటుతో ఆయన మళ్లీ వచ్చారు. మూడుసార్లు తట్టారు. పేరు చెప్పారు. అప్పటిదాకా దూది విసిరిన పిల్లలు చేతులు దించేశారు. వాల్టర్ చాలాసేపు ఆగి తలుపు తీశాడు. "డిడ్ హీ హ్యావ్ టు కమ్ బ్యాక్?" అని పద్మ కొడుకు నన్నడిగాడు. నేను జవాబు చెప్పేలోపు వాడే, "తాత వస్తాడు" అన్నాడు, వచ్చీరాని తెలుగులో. అప్పటినుంచి గత జూలై దాకా మా నాటకం ఆ తలుపు దగ్గరే ముగిసింది.

పోయిన నెల నేనూ వాల్టర్ ఆయన్ని చూడడానికి వెళ్లాం. వాల్టర్ ఇంట్లో చేసిన నిమ్మరసం సీసా తెచ్చాడు. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, పీలగొంతుతో అడిగారు.

"నా రిలీవింగ్ ఆర్డరు వచ్చిందా అమ్మాయ్?"

"వచ్చిందంకుల్. నేనే సంతకం పెట్టాను."

"అయితే గ్లాసులో పొయ్యి." రెండు గుక్కలు తాగి, "చక్కెర ఎక్కువైంది" అన్నారు. అనువదిస్తే వాల్టర్ నవ్వబోయి ఏడ్చేశాడు.

ఆయన పోయిన మూడోనాడు కమిటీ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఇక ఆయన లేరు కనుక పాత ముగింపే పెడదామా, పది నిమిషాలు కలిసొస్తాయి అని. కుదరదని రాశాను. ఈసారి చెయ్యెత్తే అవకాశం కూడా ఎవరికీ ఇవ్వలేదు. పద్మ ఆ కోటు తెచ్చి ఇచ్చింది. నాకది భుజాల దగ్గర జారిపోతుంది. లోపలి జేబులో మా అనుమతి కాగితం మడత చెదరకుండా ఉంది.

అంకుల్, మీలాంటివారు మాకు మళ్లీ దొరకరు. ఆ లోటు తీరేది కాదు, తీరుతుందని అబద్ధమాడను. మీకు నా నమస్సులు. ఈ జూలైలో ఊరంతా తరిమినంత తరమనివ్వండి. పరుగెత్తను, నడుస్తాను. మర్నాడు పొద్దున వేలి కణుపులతో మూడుసార్లు తట్టేది నేనే. నా నీళ్లు నేనే తెచ్చుకుంటాను.