సూదిలో వచ్చిన వేపకొమ్మ

సిస్టరమ్మ పోయిందన్న కబురు నాకు నార్కట్‌పల్లి రోడ్డు మీద నా పంక్చర్ షాపులోనే తెలిసింది. లారీ టైరు ఊడదీస్తున్నాను. పాలు పోసే ఆయన బండి ఆపి, "మామా, మీ సిస్టరమ్మ పొద్దుగాల పోయిందట" అన్నాడు. చేతిలోని రాడ్డు కింద పెట్టాను. ముందు ఏడుపు రాలేదు. భయం వచ్చింది. రేపు నాకు జ్వరం వస్తే అది ఏం జ్వరమో ఎవరిని అడగాలి అనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను, మొదట వచ్చిన ఆలోచన అదే.

ఆమె మా గల్లీ చివరింట్లో ఉండేది. సర్కారు దవాఖానలో నర్సు. చర్చికి పోయే మనిషి. మాకు చుట్టం కాకపోయినా నన్ను మామా అని, నా భార్యను అత్తా అని పిలిచేది. నేను సిస్టరమ్మా అనేవాణ్ణి. ఈ చుట్టుపక్కల వాళ్ళయితే మీలో చాలామందికి ఆమె సూది వేసే ఉంటుంది.

కొత్త రాష్ట్రం వచ్చిన రోజుల్లో నా లివర్‌లో పురుగు పడిందని పట్నంలో డాక్టరు చెప్పాడు. కామెర్లు కావు, పసరుకు పోయేది కాదు అన్నాడు. నెత్తుట్లో ఉండే సన్న పురుగట, హెపటైటిస్ సి అని పేరు. ఎట్లా వచ్చిందో ఆయనా చెప్పలేదు. దానికి వారానికో సూది, రోజూ గోలీలు రాసిచ్చాడు. సూది పేరు ఇంటర్‌ఫెరాన్. నాలుగో తరగతి దాటనివాణ్ణి, ఆ పేరు నోరు తిరగడానికే చాలా రోజులు పట్టింది.

ఆ సూదులు చల్లగా ఉండాలి, గడ్డకట్టొద్దు. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. డబ్బా సిస్టరమ్మ ఫ్రిజ్‌లో పెట్టాం. ఇక కరెంటు పోతే నా గుండె పోయేది. షాపు వదిలి ఉరికేవాణ్ణి. ఒకసారి ఫ్రిజ్ తలుపు పట్టుకున్నాను. ఆమె వంటింట్లోంచి అరిచింది.

"తలుపు తియ్యకు మామా. నువ్వు తీసి సూస్తేనే లోపలి చల్లదనం పోతది."

"మరి చల్లగున్నదో లేదో ఎట్ల తెలుస్తది?"

"తెలువకుండ కూసునుడు గూడ నేర్సుకో జర."

శుక్రవారం శుక్రవారం ఆమె ఫ్లాస్కులో ఐసు వేసి, సూదికి బట్ట చుట్టి తెచ్చేది. సూది నొప్పి పెద్దది కాదు. తర్వాత వచ్చే జ్వరమే చంపేది. వణుకు, ఒళ్ళు నొప్పులు, ముద్ద దిగదు. దానికి తోడు మనసు కుంగిపోయేది. ఈ మందుకు ఆ గుణం ఉందట. సూది వేసేముందు ఆమె నా మొహంలోకి చూసి, "నిద్ర పడ్తాందా? ఏడుపొస్తాందా?" అని అడిగేది.

"నాకెందుకు ఏడుపొస్తది" అనేవాణ్ణి.

"ఎందుకొస్తదో నీకు తెల్వది మామా. వస్తే మాత్రం అత్తకు జెప్పు, నాకు జెప్పు. దాసిపెట్టకు."

నేను చెప్పేవాణ్ణి కాదు. షాపు వెనకాల పాత టైర్ల మధ్య కూర్చొని ఏడ్చి, మొహం కడుక్కొని వచ్చేవాణ్ణి. ఆమె నా కళ్ళు చూసి, పట్నం డాక్టరుకు తనే ఫోన్ చేసి చెప్పేది.

కొన్ని వారాలకు ఒంటి మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. పైన జ్వరం. నా భార్య చూసింది, బయటికి పోయి వేపకొమ్మ విరుచుకొచ్చి గడపకు కట్టింది. తల్లి పోసిందని, అంటే అమ్మవారు వచ్చిందని ఆమె లెక్క. కూరలో తాలింపు బంద్. గల్లీలో పిల్లలు మా వాకిట్లోకి రావడం బంద్. తల్లి వచ్చిన ఇంట్లో సూది పొడవరు కాబట్టి శుక్రవారం సూది కూడా బంద్. నేను మంచం మీద పడుకొని లోపల సంతోషపడ్డాను. ఆ వారం జ్వరం తప్పింది కదా అని. మధ్యలో మానితే పురుగు మళ్ళీ లేస్తుందని డాక్టరు చెప్పిన మాట మాత్రం చెవిలో తిరుగుతూనే ఉంది.

శుక్రవారం సిస్టరమ్మ ఫ్లాస్కు పట్టుకొని వచ్చింది. కొమ్మ చూసి గడప బయటే ఆగింది.

"లోపలికి రావొచ్చా అత్తా?"

"వద్దు బిడ్డా. తల్లి వచ్చింది. సూది పొడిస్తే అలుగుతది."

సిస్టరమ్మ గడప దగ్గరికి నన్ను పిలిచి దద్దుర్లు చూసింది. అక్కడే నిలబడి డాక్టరుకు ఫోన్ చేసింది. అవి గోలీల వల్ల లేచినవేనని, సూది ఆపొద్దని ఆయన చెప్పాడు. ఆ మాట చెప్తే నా భార్య తల అడ్డంగా ఊపింది. ఇంకొకరైతే మూఢనమ్మకమని తిట్టేవాళ్ళు. సిస్టరమ్మ అరుగు మీద కూర్చుంది.

"అత్తా, గీ కొమ్మ ఎందుకు గట్టినవ్?"

"ఎందుకేంది? వచ్చేటోళ్ళు సూసి ఆగుతరు. పక్కింటోళ్ళు పిల్లలను ఇటు పంపరు."

"కొమ్మ గడితే మామకు తగ్గుతదా?"

"గది ఆయనకు కాదు గదా. పక్కోళ్ళకు."

"గీ సూది గూడ గదే అత్తా. మన ఒళ్ళంటే సన్న సన్న ఇండ్లున్న ఊరనుకో. ఒక్కింట్ల పురుగు జొరబడ్తది. గా ఇల్లు బతుకుడు కష్టమే. కానీ పోయేముందు పక్కిండ్లకు కబురు పంపుతది. గా కబురునే ఇంటర్‌ఫెరాన్ అంటరు. అందినోళ్ళు తలుపులేసుకుంటరు, పొయ్యి ఆర్పుకుంటరు. పురుగుకు సొంత పొయ్యి లేదు, మన పొయ్యి మీదనే వండుకొని పిల్లలను పెంచుతది. పొయ్యి ఆరితే ఏం జేస్తది?"

నా భార్య వంటింటి వైపు చూసింది. తాలింపు పెట్టని కూర గుర్తొచ్చిందేమో.

"మరి ఈయన ఒంట్ల గా కబురు లేదా?"

"ఉన్నది. సాలుతలేదు. పురుగు దాని నోరు మూస్తాంది. అందుకే బయట నుంచి తెచ్చి కడ్తున్నం."

"జ్వరమెందుకు మరి?"

"ఊరంత కబురు పోతే ఊరు ఊకుంటదా? లొల్లి అయితది. గా లొల్లే జ్వరం. లొల్లి మరీ ఎక్కువైతే మనోళ్ళే మనోళ్ళను కొడ్తరు, అందుకే నెత్తురు పరీక్షలు జేయిస్తున్న."

నా భార్య లేచి గడపకున్న కొమ్మ ముడి బిగించింది. "కొమ్మనైతే నేను తియ్య" అంది.

"తియ్యమన్ననా? ఉండనియ్. గదొకటి, గీ సూదొకటి, రెండు కొమ్మలుంటే నష్టమేంది?"

"కాళ్ళు కడుక్కొని రా" అంది నా భార్య.

నా ఒంటి గురించి ఇద్దరూ తేల్చుకున్నారు, నన్ను ఎవరూ అడగలేదు. నేను చొక్కా పైకెత్తి సూదికి పొట్ట చూపించాను.

"తగ్గుతదా సిస్టరమ్మా?" అని అడిగాను.

"మాటియ్యలేను మామా. తగ్గినోళ్ళు ఉన్నరు, తగ్గనోళ్ళు ఉన్నరు."

అబద్ధమైనా చెప్పొచ్చు కదా అని ఆ రోజు కోపం వచ్చింది. సూదులన్నీ అయిపోయి, ఆఖరి పరీక్షలో పురుగు కనబడలేదని డాక్టరు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. సిస్టరమ్మ ఆ కాగితం చూసి నవ్వినప్పుడే నమ్మాను. ఆ తర్వాత సూదులు పోయి ఉత్త గోలీలే వచ్చాయట. రానీ. ఆ జ్వరాలు దాటినవాణ్ణి నేను. ఆమె దాటించింది. ఇప్పటికీ ఒళ్ళు వెచ్చబడితే నాకు భయమే. ఆమె దగ్గరికి పోయేవాణ్ణి. నుదురు ముట్టి, "ఉత్త జలుబే, పో, టైర్లు జూసుకో" అనేది. ఆ మాటతో సగం జ్వరం దిగేది.

ఆమెను షుగరు తినేసింది. కిడ్నీలు పోయాయి. ఆఖరి నెలల్లో ఆమె ఒంటికి చిన్న జలుబును ఆపే బలం కూడా లేదు. చూడటానికి వచ్చేవాళ్ళు మాత్రం దగ్గుకుంటూనే వచ్చేవాళ్ళు. నా భార్య అడగకుండా పోయి ఆమె గేటుకు వేపకొమ్మ కట్టింది. చర్చివాళ్ళు గొణిగారు, చర్చికి పోయేవాళ్ళ ఇంటికి ఇదేందని.

"ఉండనియ్యిండ్రి" అంది సిస్టరమ్మ మంచం మీద నుంచే. "గది మా అత్త నాకేసిన సూది."

సమాధి దగ్గర నుంచి తిరిగొచ్చి ఆమె ఇంటికి పోయాం. గేటుకు కొమ్మ ఎండిపోయి ఉంది. ఇప్పుడు దగ్గేవాళ్ళూ తుమ్మేవాళ్ళూ దాన్ని ఒరుసుకుంటూ లోపలికి పోతున్నారు. నా భార్య విప్పుదామని చెయ్యి పెట్టి, విప్పకుండా వచ్చేసింది. నేను వంటింటి గోడకు ఆనుకొని నిలబడ్డాను. కరెంటు పోయింది. ఫ్రిజ్ చప్పుడు ఆగింది. నా కాళ్ళు వాటంతట అవే అటు పోయాయి, చెయ్యి దాని తలుపు మీద పడింది.

తియ్యలేదు. కరెంటు వచ్చేదాకా అట్లాగే పట్టుకొని నిలబడ్డాను.