ఆయుధపూజ పళ్లెంలో తాళంచెవులు

1992. సూర్యాపేట మెయిన్ రోడ్డు మీద మూడంతస్తుల కాంప్లెక్స్, ఇరవై రెండు షాపులు. మిలిటరీ నుంచి రిటైరై వచ్చిన నేను దానికి సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. కోదాడ, మిర్యాలగూడల్లోనూ ఒక్కో బిల్డింగు నా కిందే ఉండేది. మా పనంటే బయటి దొంగను ఆపడమే అనుకుంటారు చాలామంది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. తాళాలూ దారులూ తెలిసిన లోపలి మనిషి వల్ల వచ్చే ముప్పును ఇన్‌సైడర్ రిస్క్ అంటారు. ఆ మాట తర్వాతెప్పుడో ట్రైనింగులో విన్నాను. దెబ్బ మాత్రం ముందే తిన్నాను.

దసరా వెళ్లిన మూడు వారాల్లో రెండు షాపుల్లో సరుకు పోయింది. మొదట పట్టుచీరలు, తర్వాత టేప్‌రికార్డర్లు. షట్టరు వంగలేదు, తాళం పగల్లేదు. రెండుసార్లూ షాపులు బంద్ ఉన్న రోజే, అదీ పట్టపగలు. ఆ రోజు బిల్డింగులో ఉండేది వాచ్‌మన్ యాదగిరి ఒక్కడే. పెన్‌పహాడ్ వైపు గొర్లు కాసుకునే కుటుంబం వాడిది. పనిలో పెట్టింది నేనే. గేటు రిజిస్టరు తెప్పించాను. వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసే పుస్తకం అది. రెండు బంద్ రోజుల్లోనూ ఒక్క పేరు లేదు. 

చీరలు పోయిన షాపు సేటే షాపుల సంఘానికి పెద్ద. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటరు. గీడ దొంగ మన కండ్ల ముంగటనే కూసున్నడు. రేపు సాయంత్రం దాన్క సూస్త. తర్వాత పోలీసోళ్లకు అప్పజెప్త," అన్నాడు.

యాదగిరిని పక్కకు పిలిచాను. "నిజం చెప్పు. బంద్ నాడు ఎవలన్న వచ్చిన్రా?"

"బయటోళ్లు ఎవ్వలు రాలే సార్."

"మరి సరుకు రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

వాడు తల వంచుకున్నాడు. "నా బిడ్డ మీద ఒట్టు సార్, నేను ముట్టలే."

ఇంటికి పోయాక కూడా వీడే చేశాడేమోనన్న పురుగు తొలుస్తూనే ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు భయమేసింది. సగం వాడి కోసం, సగం నా ఉద్యోగం కోసం.

మర్నాడు పొద్దున్నే సేటు తాళంచెవి అడిగి తీసుకుని ఎండలో పెట్టి చూశాను. పళ్ల సందుల్లో ఎండిన కుంకుమ, దాని కింద తెల్లగా ఏదో. పిన్నీసుతో గీకితే సబ్బు. టేప్‌రికార్డర్ల షాపు చెవిలోనూ అదే. సబ్బుబిళ్ల మీద చెవి నొక్కితే అచ్చు పడుతుంది, ఆ అచ్చుతో మారుచెవి చేయించొచ్చు.

ఆయుధపూజ నాడు మా కాంప్లెక్సులో షాపుల తాళంచెవులన్నీ కడిగి, ఒకే పళ్లెంలో అమ్మవారి ముందు పెట్టి, ఒక్కోదానికీ బొట్టు పెడతారు. ఇరవై రెండు షాపుల ప్రాణం ఒక పళ్లెంలో పోసినట్టేనని సెక్యూరిటీ మనిషినైన నాకే తట్టలేదు. పైగా షాపు షాపుకూ తిరిగి పోగుచేసింది నేనే. కుళాయి దగ్గర కడిగి తెచ్చింది మేనేజర్ రాజేందర్. కాంప్లెక్సులో కరెంటు, నీళ్లు, మోటారు చూసేవాడు, రోజూ నాతో చాయ్ తాగేవాడు.

కడిగిన సబ్బే మిగిలిందేమో, ఊరికే మనిషిని ఎలా అనుమానిస్తాం? సూర్యాపేటలో మారుచెవులు చేసేవాళ్లందరినీ అడిగాను. మేం చేయలేదన్నారు. కోదాడ బస్సెక్కాను. అక్కడి బస్టాండు పక్కన ఒక ముసలాయన నా చేతిలో చెవులు చూడగానే గుర్తుపట్టాడు.

"ఒకాయన సబ్బు మీద అచ్చులు తెచ్చారండీ. షాపులకు ఇంకో జత చెవులు కావాలన్నారు. పొట్టిగా ఉంటారు, నుదుటి మీద ఇంత గాటు."

రాజేందరే. ఆ గాటు రోజూ చాయ్ తాగుతూ నేను చూసేదే. తిరుగు బస్సు మునగాల దగ్గర టైరు పంక్చరై ఆగిపోయింది. పొద్దు వాలుతుంటే రోడ్డు మీద నిలబడి కనిపించిన లారీకల్లా చెయ్యెత్తాను.

ఎలాగో చేరేసరికి యాదగిరిని స్టేషనుకు తీసుకుపోయారు. సేటును వెంటబెట్టుకుని రాజేందర్‌తోనే మోటారు రూము తీయించాను. దాని చెవి అతని దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. పాత మోటారు వెనక చీరలు, టేప్‌రికార్డర్లు. సరుకు గేటు దాటనేలేదు. రాజేందర్‌ను వెంటబెట్టుకుని స్టేషనుకు పోయాం.

స్టేషన్లో యాదగిరి నేల మీద కూర్చుని ఉన్నాడు. షాపులవాళ్లు ఈడ్చుకొచ్చారట, చొక్కా భుజం దగ్గర చిరిగింది. బయటికి తెచ్చాక అడిగాను. "రాజేందర్ బంద్ నాడు వచ్చిండా?"

"రెండు దఫాలు వచ్చిండు సార్."

"మరెందుకు రాయలే? నేనడిగితే ఎందుకు చెప్పలే?"

"సేట్లు, మేనేజర్ సార్, మీరు వస్తే రాయొద్దన్నది మీరే గద సార్. ఇగ నోటితోని చెప్తే... ఆయన మేనేజరాయె, నేను వాచ్‌మన్‌ను. మీరు నమ్మేటోళ్లా?"

నమ్మేవాణ్ణి కాదు. ఆ మాట వాడి మొహం చూసి చెప్పలేకపోయాను.

మర్నాడు వాడు యూనిఫాం ఉతికి మడతపెట్టి ఇచ్చి వెళ్లిపోయాడు. ఎంత బతిమాలినా ఆగలేదు. ఆ వారమే మూడు బిల్డింగుల్లోనూ సేటైనా, మేనేజరైనా, నేనైనా, గేటు దాటితే పేరు రాయాలని ఆర్డరు పెట్టాను. "నా దుకాణంకు నేనొస్తే రాసుడేంది?" అని సేటు గొణిగాడు. గొణగనీ అనుకున్నాను. గేటు దగ్గరి మనిషి పెద్దవాడి పేరు జంకకుండా చెప్పగలిగితేనే అది కాపలా. ఈ పాఠం నేర్చుకున్నది నేను. పరువు పోగొట్టుకున్నది యాదగిరి.